చుక్క ఆగేదాకా

మొన్న రాత్రి కరెంటు పోయింది. కింద సెల్లార్‌లో జనరేటర్ స్టార్టయిన రెండు నిమిషాలకి కిటికీలోంచి ఒక వాసన పైకొచ్చింది. మామూలు పొగ వాసన కాదు, సగం కాలి సగం కాలకుండానే బయటికి వచ్చేసిన డీజిల్ వాసన. కళ్ళు మండిస్తుంది, గొంతులో జిడ్డులా పట్టుకుని ఒక పట్టాన వదలదు. మా ఆవిడ కిటికీ వేసెయ్యమని కేకేసింది. నేను వెయ్యలేదు. పిచ్చివాడిలా ఇంకో రెండుసార్లు గట్టిగా పీల్చాను, ఎందుకంటే ఆ వాసన నాకు నిక్కర్లు వేసుకున్నప్పటి నుంచీ తెలుసు. పంపు టైమింగ్ వెనకబడ్డ, అంటే డీజిల్‌ని సిలిండర్‌లోకి తొయ్యాల్సిన క్షణం దాటాక తోస్తున్న ఇంజన్ వాసన అది.

తొంగి చూస్తే అనుకున్నట్టే సైలెన్సర్ గొట్టంలోంచి తెల్లపొగ. చప్పుడు కూడా తగ్గట్టే ఉంది. టైమింగ్ ముందుకెళ్ళిన ఇంజన్ దాగలి మీద సుత్తి పడ్డట్టు కణకణమంటుంది, వెనకబడ్డది ఇలా మెత్తగా, బద్ధకంగా, బరువెత్తలేక మూలుగుతున్నట్టు నడుస్తుంది. వాచ్‌మన్‌ని అడిగితే "మధ్యాహ్నమే హెడ్డు మార్చి వెళ్ళారు సార్, రేపొచ్చి మళ్ళీ చూస్తామన్నారు" అన్నాడు. హెడ్డంటే ఇంజన్ సిలిండర్ల మీద మూతలా కూర్చునే దిమ్మ.

ఇంక నిద్రెక్కడ పడుతుంది. కరెంటు వచ్చాక కూడా కళ్ళు మూస్తే మామయ్య షెడ్డే.

* * *

షెడ్డు అంటే పెద్దగా ఊహించుకోకండి. నాలుగు ఇనప స్తంభాలు, పైన రేకులు, మధ్య దూలానికి వేలాడే చైన్ బ్లాకు. అందరూ మేస్త్రీ అనేవారు, నాకు మాత్రం మామయ్య. సెలవులిస్తే చాలు నన్ను ఆయన దగ్గర దింపేసేవాళ్ళు, ఇంట్లో ఉంటే అల్లరెక్కువని. నాతోపాటు అక్కడ నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దయిన కుర్రాడొకడు పనిచేసేవాడు, అందరూ పెద్దోడనే పిలిచేవాళ్ళు. నేను చిన్నోణ్ణి. మామయ్యకి మనసు బాగుంటే "అల్లుడూ", కోపమొస్తే "ఏమయ్యా".

పొద్దున్నే మొదటి చప్పుడు కిరసనాయిలు ట్రేలో బ్రష్షు చరచర. ఆ తర్వాత చైన్ బ్లాకు గలగల. హెడ్డు దించే రోజైతే ఇంకో చప్పుడుండేది, బోల్టులన్నీ తీసేశాక చెక్క సుత్తితో పక్కల మీద నాలుగు దెబ్బలు వేస్తే హెడ్డుకీ కింది బ్లాకుకీ మధ్య ఎన్నో ఏళ్ళుగా అతుక్కుపోయిన గ్యాస్కెట్ పలక 'ఫట్' మని వదిలేది, లోపల మిగిలిన నీళ్ళు బుడబుడమంటూ బోర్లలోకి జారేవి. ఆ 'ఫట్' కోసం నేను ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేవాణ్ణి.

హెడ్డు విప్పే ముందు మామయ్య చేసే పని ఒకటుంది, అది నాకప్పుడు పెద్ద తతంగంలా అనిపించేది. అట్టపెట్టె ఒకటి చింపి, దాని మీద హెడ్డు ఆకారం బొగ్గుతో గీసి, బోల్టు ఉన్నచోటల్లా మేకుతో కన్నం పొడిచేవాడు. తీసిన ప్రతి బోల్టూ దాని కన్నంలోకే పోవాలి. వాల్వుల్ని తెరిపించే సన్న కడ్డీలు, పుష్‌రాడ్లకి వేరే అట్ట, 1 నుంచి 8 దాకా అంకెలతో. ఎనిమిదీ ఒక్కలాగే ఉంటాయి కదా మామయ్యా, ఎటు పెడితే ఏమైంది అని అడిగాను ఒకసారి. "నీ చెప్పులు రెండూ ఒక్కలాగే ఉంటాయి, మార్చి వేసుకో చూద్దాం" అన్నాడు. ఇన్నేళ్ళు ఒకే టాపెట్ మీద, ఒకే రాకర్ కింద అరిగినవి ఆ జోడీకే అలవాటు పడతాయని తర్వాత తెలిసింది.

బోల్టులు విప్పేటప్పుడు చివర్ల నుంచి లోపలికి, కొంచెం కొంచెంగా. బిగించేటప్పుడు నడిమి నుంచి బయటికి, మూడు విడతల్లో. బోల్టు కన్నాల్లో చుక్క నూనె, చుక్క నీరు ఉండకూడదు. పుల్లకి గుడ్డ చుట్టి ఒక్కో కన్నం తుడిచేది నేనే. అడుగు మూసుకుని ఉన్న కన్నంలో నూనె మిగిలితే బోల్టు ఆ నూనెని నొక్కుతుంది కానీ హెడ్డుని నొక్కదు, టార్క్ రెంచ్ మాత్రం టక్కుమని అంతా బాగుందంటుంది. ఒక్కోసారి బ్లాకే పగులుతుంది. నేనెప్పుడూ చూళ్ళేదు గానీ మామయ్య చూశాడట, ఆ మాట చెప్పేటప్పుడు గొంతు తగ్గించేవాడు.

* * *

ఇప్పటికీ చాలామంది అడుగుతారు, హెడ్డు తీస్తే టైమింగ్ పోతుందా అని. ఆ రోజుల్లో మా షెడ్డుకొచ్చే ఇంజన్లకి పోదు. వాల్వుల్ని ఎప్పుడు తెరవాలో చెప్పే క్యామ్ షాఫ్ట్ బ్లాకులోనే పక్కన ఉంటుంది, ముందు మూతలో గేర్లు పళ్ళు పళ్ళు కలిసి ఉంటాయి, పంపు కూడా ఆ గేర్ల మీదే నడుస్తుంది. హెడ్డు పైకి లేచినంత మాత్రాన కిందివాటికి ఆ సంగతే తెలీదు. "పైకప్పు రేకు మారిస్తే పునాది కదులుతుందట్రా" అనేవాడు మామయ్య. హెడ్డు లేనప్పుడు క్రాంకు, అంటే పిస్టన్లని పైకీ కిందికీ ఆడించే ఇరుసు, ఎన్నిసార్లు తిప్పినా ఏమీ కాదు, తిప్పుతూ పిస్టన్ నెత్తి మీద మసి గీకేవాళ్ళం. ఆ ధైర్యమే తర్వాత నా కొంప ముంచింది, అది తర్వాత చెప్తాను.

టైమింగ్ పోదు కానీ టాపెట్లు పోతాయి. కొత్త హెడ్డులో వాల్వుల ఎత్తు వేరు, గ్యాస్కెట్ మందం వేరు, అందుకని వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు మళ్ళీ మొదటి నుంచీ పెట్టుకోవాలి. ఇక్కడే మామయ్య నాకు లెక్కలు నేర్పాడు. నాలుగు సిలిండర్లు, ఎనిమిది వాల్వులు, తొమ్మిది లెక్క. ఒకటో వాల్వు పూర్తిగా తెరుచుకుని ఉంటే ఎనిమిదో దాని సందు పెట్టు. మూడోది తెరుచుకుంటే ఆరోది. తెరిచినదీ పెట్టాల్సినదీ కూడితే ఎప్పుడూ తొమ్మిదే రావాలి. ఆరు సిలిండర్ల దానికి పదమూడు. బళ్ళో కూడికలు తప్పేవాణ్ణి గానీ షెడ్డులో ఎప్పుడూ తప్పలేదు.

సందు కొలిచే ఫీలర్ గేజ్ ఎలా లాగాలో మాత్రం లెక్కతో రాదు. రేకు సందులో పెట్టి లాగితే, బరువైన పుస్తకం మధ్యలోంచి కాగితం లాగినట్టు పట్టీ పట్టనట్టు రావాలి. లాక్ నట్ బిగించగానే ఆ పట్టు మారిపోతుంది, మళ్ళీ విప్పాలి. మామయ్య ఒక చేత్తో స్క్రూడ్రైవర్, ఇంకో చేత్తో పానా, రెండు వేళ్ళ మధ్య గేజ్ రేకు, మూడూ ఒకేసారి. నాకు ఆ మూడూ కుదరడానికి రెండు వేసవులు పట్టింది.

* * *

అసలు చెప్పాల్సింది చుక్కల గురించి.

హెడ్డు మార్చే పనిలో పంపు కూడా దించాల్సి వస్తే, తిరిగి పెట్టాక మామయ్య గుర్తుల్ని నమ్మేవాడు కాదు. ఒకటో సిలిండర్‌కి వెళ్ళే లైను పంపు దగ్గర విప్పి, లోపలి డెలివరీ వాల్వూ దాని స్ప్రింగూ బయటికి తీసి గుడ్డలో మూటగట్టి జేబులో వేసుకునేవాడు. ఆ చోట కొంగ మెడలా వంచిన చిన్న గొట్టం బిగించేవాడు. ట్యాంకు ట్యాప్ తిప్పగానే ఆ గొట్టం చివర్నుంచి డీజిల్ సన్నటి ధారగా జారేది. పంపు లోపల డీజిల్‌ని తోసే చిన్న పిస్టన్, ప్లంజర్, కిందున్నంత సేపూ కన్నం తెరిచే ఉంటుంది, అందుకే ఆ ధార. క్రాంకు మెల్లగా తిప్పుతుంటే ప్లంజర్ లేస్తుంది, కన్నం మూసుకుంటూ వస్తుంది, ధార సన్నబడుతుంది, తెగుతుంది, చుక్కలవుతుంది, చుక్కకీ చుక్కకీ ఎడం పెరుగుతుంది. ఆ చుక్కలు ఆగిపోయే చోటే పంపు సిలిండర్‌కి డీజిల్ తొయ్యడం మొదలుపెట్టే చోటు. ఆ క్షణంలో క్రాంకు చివరుండే బరువైన చక్రం, ఫ్లైవీల్, పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటికి ఎన్ని డిగ్రీల ముందుందో అదే ఇంజన్ టైమింగ్.

పెద్దోడు పొడుగాటి కడ్డీతో క్రాంకు తిప్పేవాడు. మామయ్య వెనక, బెల్ హౌసింగ్ కిటికీ దగ్గర గొంతుక్కూర్చుని టార్చితో ఫ్లైవీల్ గీతలు చూసేవాడు. నా పని చుక్కలు. గొట్టం కింద గాజు సీసా పట్టుకుని, మెడ పక్కకి వంచి, రెప్ప వెయ్యకుండా చూస్తూ ఉండడం. షెడ్డంతా నిశ్శబ్దం. టప్... టప్.... టప్... తర్వాత ఒక చుక్క గొట్టం మూతి దగ్గర వేలాడుతూ పడనా వద్దా అని ఊగుతుంది. "ఆగింది!" అని అరిచేవాణ్ణి. మామయ్య వెనక నుంచి "పదిహేడున్నర" అనో "ఇరవై" అనో అనేవాడు. తక్కువైతే పంపు ఫ్లాంజి నట్లు వదులు చేసి, పంపు తిరిగే దిక్కుకి ఎదురుగా వెంట్రుకవాసి తిప్పేవాడు. మళ్ళీ క్రాంకు వెనక్కి. మళ్ళీ చుక్కలు.

వెనక్కి అంటే చుక్కలు ఆగిన చోటికి కొంచెం వెనక్కి కాదు, బాగా వెనక్కి తీసుకెళ్ళి మళ్ళీ ఇంజన్ తిరిగే దిక్కులోనే రావాలి. గేర్ల పళ్ళ మధ్య ఆట ఉంటుంది, ఎదురు దిక్కున వస్తే ఆ ఆటంతా కొలతలో దొర్లిపోతుంది. పెద్దోడు బద్ధకించి ఒకసారి అక్కణ్ణుంచే సరిచేశాడు. మామయ్య చూడలేదనుకున్నాడు. చూడలేదు నిజమే, విన్నాడు. కడ్డీ తిరిగిన చప్పుడు తక్కువైందట.

నాకు మాత్రం ఎప్పుడూ కిటికీ దగ్గర కూర్చోవాలనే ఆశ. ఆ డిగ్రీలు చెప్పే వాళ్ళే అసలు మేస్త్రీలని, చుక్కలు చూసేది చిన్నపిల్లల పనని నా బాధ. ఎన్నోసార్లు అడిగాను. "ఫ్లైవీల్ అంచు దగ్గర 35 సెంటీమీటర్ల వెడల్పుంటే ఒక డిగ్రీకి 3 మిల్లీమీటర్లు. ఆ గీతలు గుడ్డివాడు కూడా చదువుతాడు. చుక్క ఆగిందో లేదో చెప్పాలంటే నీలాంటి కళ్ళుండాలి" అనేవాడు. నన్ను బుజ్జగిస్తున్నాడనే అనుకున్నాను.

రుడాల్ఫ్ డీజిల్ తన ఇంజన్‌ని ఆగ్స్‌బర్గ్‌లో 1897లో లోకానికి నడిపి చూపించాడని, అప్పుడు అందులో ఇలాంటి పంపే లేదని, నొక్కిపెట్టిన గాలితో నూనెని లోపలికి ఊదేవారని, దానికోసం ఇంజన్ పక్కనే ఒక కంప్రెసర్ మోసుకు తిరగాల్సి వచ్చేదని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. బాష్ కంపెనీ 1927లో ప్లంజర్ పంపుల తయారీ మొదలుపెట్టాకే చిన్న ఇంజన్లకి దారి సులువైంది. మామయ్యకి ఇవేవీ తెలీవు. తెలిస్తే ఆ పంపుకి ఇంకో రెండు దణ్ణాలు ఎక్కువ పెట్టేవాడేమో.

* * *

తర్వాత బెల్టు ఇంజన్లొచ్చాయి. అప్పటికి నేను సెలవుల కుర్రాణ్ణి కాదు, చదువు అబ్బక షెడ్డులోనే స్థిరపడ్డవాణ్ణి. వీటిలో క్యామ్ హెడ్డు మీదే ఉంటుంది. హెడ్డు తీయాలంటే టైమింగ్ బెల్టు విప్పాల్సిందే, విప్పితే క్రాంకూ క్యామూ పంపూ మూడూ ఎవరికి వారే యమునా తీరే. పైకప్పుతోపాటు గడియారం కూడా ఊడి వచ్చేస్తుందన్నమాట.

మామయ్య మొదటి బెల్టు ఇంజన్ విప్పిన రోజు నాకు బాగా గుర్తు. బెల్టు ముట్టుకునే ముందు గంటసేపు దాని చుట్టూ తిరిగాడు. ఒకటో సిలిండర్‌ని టీడీసీకి, అంటే పిస్టన్ పూర్తిగా పైకొచ్చే చోటికి తెచ్చాడు. నాలుగో సిలిండర్ వాల్వుల్ని నొక్కే క్యామ్ ముక్కులు చూశాడు, ఎగ్జాస్ట్ మూసుకుంటూ ఇన్లెట్ తెరుచుకుంటూ రెండూ ఊగే స్థితిలో ఉన్నాయా లేదా అని. ఉన్నాయి. అంటే ఒకటో దానిలో కంప్రెషన్. అప్పుడు పుల్లీల మీద కంపెనీ గుర్తులు చూసి, వాటి పక్కనే పెయింటుతో తన గుర్తులు పెట్టాడు, నోట్‌బుక్కులో బొమ్మ గీశాడు. ఫ్లైవీల్ కన్నంలో, పంపు పుల్లీ కన్నంలో సరిపోయే డ్రిల్లు బిట్ల వెనక కాడలు దూర్చి లాక్ చేశాడు. పుల్లీ బోల్టు విప్పేటప్పుడు మాత్రం ఆ కాడల మీద బరువు పడనివ్వలేదు, పుల్లీని వేరే పట్టుతో పట్టుకోమన్నాడు. కాడలు చోటు చూపించడానికే, బలం ఆపడానికి కాదు.

హెడ్డు దించాక బల్ల మీద బోర్లా పెట్టబోయాను. చెయ్యి పట్టుకుని ఆపాడు. క్యామ్ హెడ్డులోనే ఉంది కాబట్టి ఏవో కొన్ని వాల్వులు తెరుచుకుని, తలలు బయటికి పెట్టుకుని ఉంటాయి. బోర్లా పెడితే హెడ్డు బరువంతా వాటి మీదే. చెక్క దిమ్మలు రెండు తెచ్చి వాటి మీద పెట్టించాడు.

పాత హెడ్డు వాల్వు సీట్ల మధ్య పగిలింది, కొత్తది తెప్పించారు. అది బిగించే ముందు మామయ్య క్రాంకుని టీడీసీ నుంచి పావు చుట్టు వెనక్కి తిప్పాడు. నాలుగు పిస్టన్లూ బోర్ల మధ్యలో, ఒకే ఎత్తులో నిలబడ్డాయి. ఇప్పుడు క్యామ్ ఎటు తిరిగినా ఏ వాల్వూ ఏ పిస్టన్నీ అందుకోలేదు. హెడ్డు కూర్చోబెట్టి, విడతలుగా బిగించి, చివర్లో డిగ్రీల లెక్కన తిప్పేశాక, మామయ్యని ఎవరో పిలిస్తే వెళ్తూ వెళ్తూ చెప్పాడు. "ముందు క్యామ్ గుర్తుకి తీసుకురా. ఆ తర్వాతే క్రాంకు, వెళ్ళిన దారినే పావు చుట్టు ముందుకి. ముందు క్యామ్. విన్నావా?"

విన్నాను. పాత ఇంజన్ల అలవాటు చేతుల్లో ఉంది, ముందు క్రాంకు తిప్పాను.

పావు చుట్టు పూర్తికాక ముందే ఎక్కడో చిన్నగా 'టిక్' మంది. గట్టి చప్పుడు కాదు, గోటితో ఇనుము మీద కొట్టినంత. కడ్డీ ఆగింది. ఎయిర్ పట్టిందేమో, కంప్రెషనేమో అని నాకు నేనే చెప్పుకుని కడ్డీకి పైపు తొడిగి బలం పెట్టాను. మెత్తగా వచ్చేసింది. తర్వాత క్యామ్ తిప్పాను, అదీ ఒకచోట పట్టేసి, మళ్ళీ మెత్తగా వచ్చేసింది. గుర్తులన్నీ అద్దంలో చూసుకున్నట్టు కలిశాయి. బెల్టు తొడిగాను, టెన్షనర్ బిగించాను, నాజిళ్ళూ గ్లో ప్లగ్గులూ పెట్టేశాను. మామయ్య వచ్చేసరికి స్టార్టర్ మీద చెయ్యి పెట్టి మెచ్చుకోలు కోసం నిలబడ్డాను.

ఆయన కడ్డీ తీసుకుని క్రాంకుని రెండు చుట్లు చేత్తో తిప్పాడు. ప్రతిసారీ తిప్పేవాడే, కొత్తేమీ కాదు. గుర్తులు మళ్ళీ కలిశాయో లేదో చూడ్డానికే ఆ రెండు చుట్లని నేననుకునేవాణ్ణి. తిప్పి కడ్డీ నా చేతికిచ్చాడు. "నువ్వు తిప్పు. ఎన్నిసార్లు బిగుసుకుంటుందో లెక్కపెట్టు."

రెండు చుట్లలో నాలుగు సిలిండర్లూ తలా ఒకసారి కంప్రెషన్‌కి రావాలి. చేతికి నాలుగుసార్లు బరువు తెలియాలి, నాలుగుసార్లు కడ్డీ వెనక్కి తన్నాలి. నాకు రెండే తెలిశాయి. ఒకటి ఉంది, ఒకటి లేదు, ఒకటి ఉంది, ఒకటి లేదు. 1-3-4-2 వరసలో ఒకటోదీ నాలుగోదీ చచ్చిపోయాయి. టీడీసీకి పైకొచ్చిన రెండు పిస్టన్లూ అవే కదా.

ఆయన "ఏమయ్యా" అనలేదు. కొట్టలేదు. అదే భరించలేకపోయాను. హెడ్డు మళ్ళీ విప్పాం. కొత్త గ్యాస్కెట్ చెత్తలోకి పోయింది, సాగే రకం బోల్టులు కాబట్టి అవీ పోయాయి. తీసిన వాల్వుల్ని గాజుపలక మీద దొర్లించమన్నాడు. మంచిది జారిపోతుంది, వంగినది దొర్లుతూ దొర్లుతూ తల ఊపుతుంది. కాడకీ గాజుకీ మధ్య కాగితమంత వెలుగు. అంతే వంకర, కంటికి ఆనదు. దాని విలువ రెండు సిలిండర్లు.

కొత్త వాల్వులు నేనే గ్రైండింగ్ పేస్టుతో నూరాను. రబ్బరు కప్పు ఉన్న కర్ర రెండు అరచేతుల మధ్య తిప్పుతూ, గరగర, మధ్యమధ్య ఎత్తి పావు చుట్టు మార్చి మళ్ళీ గరగర. సీటు మీద తెగకుండా ఒకే బూడిదరంగు వలయం వచ్చేదాకా. పోర్టులో కిరసనాయిలు పోసి వదిలేస్తే పొద్దుటికి ఒక్క చుక్క కూడా కిందికి దిగకూడదు. రెండు రోజులు ఆ గరగర తప్ప నాకూ మామయ్యకీ మధ్య మాటల్లేవు.

* * *

ఇంకోసారి వేరే ఇంజన్‌కి తెచ్చిన హెడ్డు క్యామ్ పుల్లీ మీద ఒకటి కాదు, రెండు గుర్తులున్నాయి. ఒకే పుల్లీని రెండు రకాల ఇంజన్లకి వాడతారట. పెద్దోడు ఒకటంటాడు, నేను ఇంకోటంటాను. మామయ్య వాటిని చూడనే లేదు, క్యామ్ మూత తీసి నాలుగో సిలిండర్ ముక్కుల దగ్గర కూర్చున్నాడు. క్రాంకు పుల్లీకి 20 పళ్ళుంటే బెల్టు ఒక్క పన్ను జరిగిందంటే క్రాంకు లెక్కలో 18 డిగ్రీలు. అంత తేడా వాల్వుల ఊగుడులో దాగదు. రెండు వాల్వులూ సమానంగా ఊగిన చోట ఏ గుర్తు ఎదురుగా ఉందో అదే మనదన్నాడు. పెద్దోడు చెప్పిందే రైటయింది. నాలుగు రోజులు గొప్పలు పోయాడు.

ఆ పెద్దోడే ఇంకోసారి గేర్ల ఇంజన్ మూత తెరిచి, గుర్తులన్నీ కలిపి, రెండు చుట్లు తిప్పి చూస్తే కలవలేదని బెంబేలెత్తిపోయాడు. మధ్యలో ఐడ్లర్ గేర్ ఉన్న ఇంజన్లలో దాని గుర్తు రెండు చుట్లకే తిరిగి రాదు, ఎన్నో చుట్లు తిరిగితే గానీ కలవదు. వాడు మాత్రం మూడుసార్లు విప్పి మూడుసార్లు పెట్టాడు పాపం.

వంకర పోయిన హెడ్డుని కోసి చదును చేయించి తెచ్చేవాళ్ళూ ఉండేవారు. చాలా డీజిల్ హెడ్లకి అది పనికిరాదు, వాల్వు తల లోతు తగ్గి పిస్టన్‌కి దగ్గరవుతుంది. పనికొచ్చే వాటిలో కూడా బెల్టు ఇంజనైతే క్యామ్ కిందికి దిగినంత మేరా టైమింగ్ వెనక్కి జరుగుతుంది. 0.3 మిల్లీమీటర్లు కోస్తే, పుల్లీ వ్యాసార్ధం 60 మిల్లీమీటర్లనుకుంటే, క్రాంకు లెక్కన అర డిగ్రీకి కొంచెం పైన. పెద్ద తేడా కాదు. కానీ మామయ్య నోట్‌బుక్కులో అదీ రాసేవాడు. గ్యాస్కెట్ అంచున కన్నాలో గాట్లో ఉంటాయి, అవి మందం గుర్తులు, పాతదానికి ఎన్నున్నాయో లెక్క చూసుకునే కొత్తది తెప్పించేవాడు. అంతకీ తృప్తి లేకపోతే పిస్టన్ బ్లాకు మీదికి ఎంత పొడుచుకొస్తుందో డయల్ గేజ్‌తో కొలిచేవాడు.

టీడీసీ గుర్తే చెరిగిపోయిన ఇంజన్లు కూడా వచ్చేవి. పిస్టన్ పైకొచ్చాక ఆగినట్టే ఉంటుంది, 110 మిల్లీమీటర్ల స్ట్రోకున్న దానిలో టీడీసీ నుంచి 5 డిగ్రీలు జరిగినా అది దిగేది పావు మిల్లీమీటరే, కంటితో ఏం పట్టుకుంటాం? బోరు మీద అడ్డంగా ఇనప పట్టీ బిగించి, ఒక పక్క నుంచి పిస్టన్ దానికి తగిలేదాకా తిప్పి ఫ్లైవీల్ మీద గీత, ఎదురు పక్క నుంచి తగిలేదాకా తిప్పి ఇంకో గీత, రెండిటి నట్టనడుమ అసలు గీత. దారం ముక్కతో కొలిచి సగానికి మడిచేవాడు.

కంప్యూటర్ నడిపించే కామన్ రైల్ ఇంజన్లు వచ్చాక చుక్కల పని పోయింది. డీజిల్ ఎప్పుడు వెయ్యాలో సెన్సర్లు చూసి కంప్యూటర్ చెప్తుంది. అయినా క్యామూ క్రాంకూ కలపాల్సింది మనిషే, కలవకపోతే పీ0016 అని కోడ్ చూపించి ఊరుకుంటుంది. నేను అప్పటికి పని మానేసి వేరే ఉద్యోగంలో పడ్డాను. షెడ్డు కూడా లేదిప్పుడు.

* * *

పొద్దున్న పదింటికి కుర్రాడొచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో. నేను అప్పటికే సెల్లార్‌లో నిలబడి ఉన్నాను, ఆరునూరైనా జోక్యం చేసుకోకూడదని గట్టిగా అనుకుంటూ.

"టైమింగ్ చూశారా బాబూ?" అన్నాను.

"పుష్‌రాడ్ ఇంజనండీ, హెడ్డు తీస్తే టైమింగ్ కదలదు" అన్నాడు. నిజమే. నాకు ముచ్చటేసింది.

"మరి పంపు దించలేదా?"

ఒక్క క్షణం ఆగాడు. "వెనక లైన్లకి పానా పట్టలేదు సార్, దించాం. ఫ్లాంజి మీద గుర్తు పెట్టే దించాం, గుర్తుకే పెట్టాం."

ఫ్లాంజి గుర్తు సరిగ్గానే ఉంది. కానీ పంపు గేర్ పళ్ళు ఏటవాలువి. పంపు వెనక్కి లాగుతుంటే ఆ ఏటవాలు వెంట గేర్ కొంచెం తిరుగుతుంది. పెట్టేటప్పుడు అది తిరిగి వచ్చిన చోటునుంచే దూర్చాలి, లేకపోతే ఒక పన్ను పక్కకి కూర్చుంటుంది, బయట గుర్తు మాత్రం కలిసే ఉంటుంది. ఈ ముక్క చెప్తే అతను నా వైపోసారి, పంపు వైపోసారి చూశాడు. వాదించలేదు, మంచి కుర్రాడు. టాపెట్ మూత తీసి ఒకటోది కంప్రెషన్ మీదికి తెచ్చి, నాలుగోది ఊగుతోందని తనే చూపించాడు. చుక్కల పద్ధతి గురించి విన్నాడట గానీ చెయ్యలేదట. వంచిన గొట్టం లేకపోతే పాత లైను ముక్క ఒకటి కోసి వంచాం. డెలివరీ వాల్వు తీసి గుడ్డలో చుట్టి జేబులో వేసుకున్నాను, ఎప్పుడు వేసుకున్నానో నాకే తెలీదు.

ప్లేటు మీద 16 డిగ్రీలని ఉంది. మొదటిసారి చుక్కలు ఆగేసరికి 3 దగ్గరున్నాం. పంపు దించి గేర్ పళ్ళు లెక్కపెడితే 56. ఒక పన్నంటే పంపు లెక్కలో ఆరున్నర, క్రాంకు లెక్కలో పదమూడు. మొదట ఆగిన 3కి ఆ పదమూడూ కలిపితే సరిగ్గా 16. కుర్రాడు వేళ్ళ మీద లెక్కేసుకుని నవ్వాడు.

పన్ను మార్చి పంపు మళ్ళీ ఎక్కించాక, ఈసారి నేను చూస్తాను అని ఫ్లైవీల్ కిటికీ దగ్గర గొంతుక్కూర్చున్నాను. ఇన్నాళ్ళకి. టార్చి వేశాను. గీతలు కనిపించలేదు, అంటే కనిపించాయి గానీ చీమలు పాకినట్టు ఒకదాని మీద ఒకటి. కళ్ళజోడు పైనే మర్చిపోయి వచ్చాను. పైకెళ్ళి తెచ్చుకోవచ్చు, కానీ మోకాళ్ళు ఒప్పుకోలేదు, మెట్లు నాలుగు అంతస్తులు, కరెంటు మళ్ళీ లేదు.

లేచి వెళ్ళి సీసా పట్టుకుని గొట్టం దగ్గర నిలబడ్డాను. వాచ్‌మన్ కడ్డీ పట్టుకున్నాడు, మెల్లగా తిప్పమన్నాను. ధార సన్నబడింది, తెగింది. టప్. టప్... దూరంనుంచి చూస్తే చుక్క బాగానే కనిపిస్తుంది నాకు. ఒకటి మూతి దగ్గర వేలాడుతూ నిలిచింది.

"ఆగింది!"

"పదహారు సార్" అన్నాడు కిటికీ దగ్గర్నుంచి.